ఎనిమిది మాటల విచారణ

నిరుడు జనవరిలో మా శాఖకు ఒక సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగుల చేతుల్లోంచి వస్తువులు గాలిలోకి వెళ్లే సందర్భాలు పెరిగిపోతున్నాయనీ, వాటిని వెంటనే అరికట్టాలనీ దాని సారాంశం. ఎక్కడో ఒక కార్యాలయంలో ఒక అధికారి ఇంకో అధికారి మీదికి పేపర్‌వెయిట్ వేశారట. ఆ పేపర్‌వెయిట్ ఎవరికీ తగల్లేదు గానీ, సర్క్యులర్ మాత్రం రాష్ట్రంలో అందరికీ తగిలింది.

అది ఇంగ్లీషులో ఉంది. త్రో, టాస్, ఫ్లింగ్, హర్ల్, పిచ్, చక్, లాబ్, కాస్ట్ అని ఎనిమిది మాటలు వరుసగా రాసి, ఒక్కొక్క మాటకు ఎదురుగా ఒక్కొక్క శిక్ష వేశారు. టాస్ అయితే నోటి హెచ్చరిక. త్రో అయితే రాతపూర్వకమైన మందలింపు. ఫ్లింగ్ అయితే ప్రమోషన్ రెండేళ్లు వాయిదా. హర్ల్ అయితే ఉద్యోగంలోంచి తీసేయడమే. ఏ మాటకు ఏమిటర్థమో మాత్రం ఎక్కడా రాయలేదు. అర్థాలు కిందివాళ్లకు తెలిసే ఉంటాయని పైవాళ్లు అనుకున్నారు. అడిగితే తెలియదని తెలిసిపోతుందని కిందివాళ్లం భయపడ్డాం. అందరం చదివినట్టూ, బోధపడినట్టూ సంతకాలు పెట్టాం.

తెలుగు అమలు కూడా బాగానే జరిగింది. 'కార్యాలయ వస్తు విసర్జన నియంత్రణ ఉత్తర్వులు' అన్న శీర్షికతో ఒక ప్రతి నోటీసు బోర్డు మీద అంటించారు. రెండు రోజుల పాటు అది మరుగుదొడ్ల సంగతి అనుకుని జనం భయం భయంగా తిరిగారు. మూడోరోజున 'విసర్జన' కొట్టేసి 'ప్రక్షేపణ' అని రాశారు. ఆ తరువాత దాన్ని ఎవరూ చదవలేదు.

మాది పడవల నమోదు కార్యాలయం. రేవుకు దగ్గర్లో పాత రెండంతస్తుల భవనం. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని. పేరు గుణాకర్. ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చదివానన్న ఒకే ఒక్క కారణంగా ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నా మెడకే చుట్టేవారు. మా సూపరింటెండెంట్ జోగారావు గారు. పై అంతస్తులో రికార్డు గది. దానికి అటెండరు ఎర్నమ్మ.

ఎర్నమ్మ భర్త అదే ఆఫీసులో వాచ్‌మన్‌గా పనిచేస్తూ పోయాడు. ఆ ఉద్యోగం బదులు ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి పద్దెనిమిదేళ్లయింది. ఫైలు నంబరు చెబితే ఆమెకు తెలియదు. మనిషి పేరు, పడవ పేరు చెప్పాలి. చెబితే, మూడు వేల ఫైళ్లలోంచి ఆ ఒక్కటీ లాగి తెచ్చేది. కుడి మోకాలు అరిగిపోయి ఏడాదిగా మెట్లు ఒకటొకటిగా, పక్కవాటంగా దిగేది.

ఏప్రిల్ నెలాఖరున ఒక ఉదయం గనగళ్ల దానయ్య వచ్చాడు. రావడం కొత్త కాదు. పదకొండు నెలలుగా వస్తున్నాడు. ఇద్దరన్నదమ్ములు కలిసి కొత్త ఫైబరు పడవ చేయించుకున్నారు. దానికి మేము నంబరు ఇవ్వాలి. నంబరు లేని పడవను సముద్రంలోకి పోనివ్వరు. అప్పటికి వేట నిషేధం నడుస్తోంది. జూన్ పధ్నాలుగుతో నిషేధం అయిపోతుంది. పదిహేనో తారీకు తెల్లవారితే రేవులో ఉన్న పడవలన్నీ వేటకు బయల్దేరతాయి. అప్పటికైనా నంబరు ఇప్పించమని దానయ్య గోల.

"నీ ఫైలు దొరకలేదయ్యా. దొరికితే నేనే కబురు చేస్తాను కదా," అన్నారు జోగారావు గారు, పదకొండు నెలలుగా అంటున్న మాటే అంటూ, వాకిట్లో నిలబడి.

అప్పుడే పై వసారాలోంచి ఎర్నమ్మ కేకేసింది. "దొరికింది బాబూ! దానయ్యది దొరికింది! బీరువా ఎనకాల పడిపోనాది!"

దానయ్య రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాడు. జోగారావు గారు గడియారం చూసుకున్నారు. "నువ్వు మెట్లు దిగేసరికి నాకు మీటింగు టైమైపోతుంది. అక్కడ్నించే పడెయ్, పట్టుకుంటాను," అని రెండు చేతులూ చాపారు.

ఎర్నమ్మ ఫైలుకు తాడు గట్టిగా బిగించి, కిందికి చూసి, జాగ్రత్తగా ఆయన చేతుల్లోకి వేసింది. సరిగ్గా ఆ క్షణంలో గేటులోంచి సంయుక్త సంచాలకులు పుండరీకాక్షరావు గారు ఆకస్మిక తనిఖీకి లోపలికి వచ్చారు. ఆయన్ని చూడగానే జోగారావు గారి చాచిన చేతులు వాటంతటవే దగ్గరకొచ్చి నమస్కారమైపోయాయి. పట్టుకునేవాళ్లు లేని ఫైలు జోగారావు గారి భుజానికి తగిలి, ఎగిరి, సంచాలకుల వారి ముఖం మీదికి వెళ్లింది. ఆయనకు దెబ్బేమీ తగల్లేదు. కళ్లజోడు కిందపడి ఒక అద్దం పగిలింది.

మిగిలిన ఒక్క అద్దంలోంచి ఆయన పైకి చూశారు.

పది నిమిషాల తరువాత నన్ను పిలిచి రిపోర్టు టైపు చెయ్యమన్నారు. 'విసిరింది' అనడానికి 'త్రూ' అని నేను కొట్టిన మాట చూసి ఆయన ముఖం చిట్లించారు. "త్రో ఏమిటయ్యా? ఇల్లూడ్చి చెత్త పారబోసినట్టుంది. పడింది నా మీద. హోదాకు తగ్గ మాట చూడు."

నేను డిక్షనరీ తీశాను. హర్ల్ అన్న మాట కనిపించింది. పలకడానికే బరువుగా ఉంది. కొట్టాను. ఆయన చదివి, "ఇదీ మాటంటే," అని సంతకం పెట్టారు.

కాగితం పట్టుకుని నేను పైకి వెళ్లాను. ఎర్నమ్మ నా చేతిలో కాగితం చూసింది.

"ఏటి రాసినావు బాబూ అందులోన?"

"ఫైలు విసిరావని రాశానమ్మా."

"ఇసిరినాను గదా మరి. నిజవే. ఎక్కడెట్టమంటావు సంతకం?" అని, నేను వేలు పెట్టి చూపించిన చోట, నామీద నమ్మకంతో, తన పేరు కూడబలుక్కుని రాసింది.

సాయంత్రం ఐదు గంటలకు ఆమెను సస్పెండ్ చేశారు. అప్పుడు వెళ్లి నోటీసు బోర్డు చూశాను. హర్ల్‌కు ఎదురుగా ఏముందో అప్పుడే చదివాను. రిటైర్మెంటుకు నాలుగేళ్లున్న మనిషి ఉద్యోగం నా డిక్షనరీలో కుడివైపు పేజీలో, కిందనుంచి మూడో మాట దగ్గర పోయింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం లేకపోయింది.

విచారణ కమిటీ వేశారు. బాధితులే అధ్యక్షులైతే సాక్ష్యం సేకరించే శ్రమ తగ్గుతుందన్న ఉద్దేశంతో పుండరీకాక్షరావు గారినే అధ్యక్షులుగా నియమించారు. ఘటనాస్థలం బాగా తెలిసినవారు కాబట్టి జోగారావు గారు సభ్యులు. ఇంగ్లీషు తెలిసినవాణ్ని కాబట్టి మినిట్స్ రాయడానికి నేను.

మొదటి సమావేశంలో అధ్యక్షులవారు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. "విచారణ ముగిసేవరకు ఏ ఫైలూ ఉద్యోగి చేతిని వీడి గాలిలోకి గానీ, తత్సమానమైన ఖాళీ ప్రదేశంలోకి గానీ పోరాదు. ఒక చేతి నుండి మరొక చేతికి మాత్రమే బదిలీ కావలెను."

బల్ల మీద పెట్టవచ్చా అని జోగారావు గారు అడిగారు.

"పెట్టేటప్పుడు చేతికీ బల్లకూ మధ్య ఖాళీ ఉంటుందా, ఉండదా?"

"కొద్దిగా ఉంటుంది సార్."

"అయితే కూడదు."

మర్నాటి నుంచి ఫైలు పుచ్చుకున్నవాడు ఎవరికైనా ఇచ్చేదాకా పట్టుకునే కూర్చోవాల్సి వచ్చింది. సెక్షన్లో పదకొండు మందిమి. అందరి ఒళ్లోనూ ఫైళ్లే. అన్నం తినేటప్పుడు చంకలో పెట్టుకునేవాళ్లం. టైపు కొట్టాలంటే ఫైలు పట్టుకోవడానికి పక్కవాణ్ని బతిమాలాలి. వాడి చేతులు ఖాళీగా ఉండవు. నియమం ప్రకారం ఫైళ్లు కిందినుంచి పైకి పోతాయి గనుక సాయంత్రానికి అన్నీ జోగారావు గారి దగ్గరకు చేరేవి. ఆయన ఇవ్వడానికి పైన ఎవరూ లేరు. ఇరవై ఆరు ఫైళ్లు గడ్డం కిందివరకు పేర్చుకుని, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేక, సంతకం పెట్టడానికి చెయ్యి లేక, ఆయన అలాగే కూర్చునేవారు. పన్లు ఆగిపోయాయి. కానీ ఏ వస్తువూ గాలిలోకి పోలేదని పైకి నివేదిక వెళ్లింది. దాన్ని అభినందిస్తూ ఉత్తరం కూడా వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. ఆ రోజు జరిగింది హర్లేనా? రిపోర్టులో అలా ఉన్నా, మిగతా ఏడూ కాదని తేల్చకుండా ఎనిమిదోది అని ఎలా అంటామని అధ్యక్షులవారికి అనుమానం వచ్చింది. న్యాయమైన అనుమానమే. అందుకని భాషా నిపుణులుగా ఫ్లోరెన్స్ మేడంను పిలిపించారు.

ఆవిడ మా ఊరి కాలేజీలో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తెల్లచీర, చేతిలో గొడుగు. ఆవిడ లోపలికి రాగానే జోగారావు గారు ఒళ్లో ఫైళ్లతో సహా లేచి నిలబడిపోయారు.

"కూర్చో జోగారావ్," అన్నారావిడ. "ఆ రోజుల్లో కూడా ఇలాగే అన్నీ మోసుకొచ్చేవాడివి. ఒకటీ చదివేవాడివి కాదు."

మేడం ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పారు. త్రో అన్నది మామూలు మాట, ఎలా వేసినా సరిపోతుంది. టాస్ అంటే పెద్ద బలం పెట్టకుండా, తేలిగ్గా వేయడం. ఫ్లింగ్ అంటే కోపంగానో, విసుగ్గానో, ఎక్కడ పడుతుందో చూసుకోకుండా గిరాటు పెట్టడం. హర్ల్ అంటే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి దౌర్జన్యంగా విసరడం. పిచ్ అంటే గురి చూసి వేయడం. లాబ్ అంటే ఎత్తుగా వెళ్లి వంపు తిరిగి పడేటట్టు వేయడం. చక్ అంటే స్నేహితుల మధ్య వాడే మాట, నిర్లక్ష్యంగా పడేయడం.

"ఇక కాస్ట్..."

"మేడం!" అన్నారు అధ్యక్షులవారు కంగారుగా తలుపు వైపు చూస్తూ. "ఆ మాట ఇక్కడ వద్దండీ. యూనియన్ వాళ్లు వింటే పెద్ద గొడవైపోతుంది."

"వలకి సంబంధించిందండీ. వల విసరడాన్ని..."

"అదే నేనూ అంటున్నాను. వలవాళ్ల ఊళ్లో కాస్ట్ గురించి కమిటీ చర్చించిందని పేపర్లో వస్తే నా ఉద్యోగం ఉంటుందా? గుణాకర్, మినిట్స్‌లో 'ఎనిమిదవ పదము సున్నితమైనదిగా భావించి పరిహరించడమైనది' అని రాసుకో."

రాసుకున్నాను.

"మరి ఎర్నమ్మ చేసిందేదో మీరే చెప్పండి," అన్నారు అధ్యక్షులవారు.

"నేను చూడలేదు కదండీ. ఎంత బలంతో వేసింది, కోపంగా వేసిందా, మామూలుగా వేసిందా, ఇవన్నీ తెలియాలి."

అయితే వేసి చూద్దామని కమిటీ తీర్మానించింది.

మే నెల మూడో వారంలో క్షేత్ర పరీక్ష జరిపారు. పై వసారాలోంచి ఏడు పద్ధతుల్లోనూ ఫైళ్లు వేసి, ఏది ఎక్కడ పడుతుందో ముగ్గుపిండితో గుర్తులు పెట్టాలి. ఖాళీ అట్టలు వేద్దామని నేనన్నాను. బరువు తేడా వస్తే ఫలితం చెల్లదని, పెండింగులో ఉన్న అసలు ఫైళ్లే వాడాలని అధ్యక్షులవారు నిర్ణయించారు. మధ్యంతర ఉత్తర్వు అడ్డొస్తుందేమోనని జోగారావు గారు గుర్తుచేస్తే, పరీక్ష జరిగే రెండు గంటలకూ దాన్ని నిలిపివేస్తూ ఇంకో ఉత్తర్వు ఇచ్చారు.

ఆ రోజు మామూలు పన్ల మీద వచ్చిన జనం ఓ ముప్పై మంది దాకా వాకిట్లో ఉన్నారు. ఫైళ్లు పైనుంచి రావడం మొదలైంది. మొదట టాస్ చేసినవి గోడ పక్కన పడ్డాయి. ఫ్లింగ్ చేసినవి వేపచెట్టులో ఇరుక్కున్నాయి. అంతలో ఒకాయన, "అది నాది! ఆ ఎర్రట్ట నాది!" అని అరిచాడు. ఏడాది పైగా కదలని ఫైలు తన కళ్ల ముందు గాలిలో కదులుతోంటే అతను ఆగలేకపోయాడు. పరుగెత్తి పట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. ఎవరి ఫైలు వస్తుందోనని తలలు పైకెత్తి, చేతులు చాపి వాకిలంతా పరుగులు. దొరికినవాళ్లు దాన్ని గుండెకు హత్తుకుని జోగారావు గారి గదికి పరిగెత్తారు. సక్రమ మార్గంలో రాలేదని ఆయన తీసుకోలేదు.

చివరిది హర్ల్. అది సరిగ్గా రావాలంటే హోదా ఉన్న చెయ్యి కావాలని అధ్యక్షులవారే పైకెక్కారు. ఒక లావు ఫైలు తీసుకుని బలమంతా పెట్టి విసిరారు. తాడు తెగి కాగితాలు ప్రహరీ దాటి వీధిలోకి వెళ్లాయి. ఆయన కుడిభుజం పట్టేసింది. పదిహేను రోజులు కట్టు కట్టుకుని తిరిగారు.

ఫలితం ఏమిటంటే ఏ ఫలితమూ తేలలేదు. నూట నాలుగు ఫైళ్లు కలగాపులగమైపోయాయి. ఒకరి పడవ ఫోటో ఇంకొకరి దరఖాస్తులోకి వెళ్లింది. వాటిని సరిచేయడం ఎవరి వల్లా కాలేదు. ఎర్నమ్మను పిలిపిద్దామంటే ఆవిడ సస్పెన్షన్లో ఉంది. కాబట్టి ఆవిడ ఆఫీసు ఆవరణలో అడుగుపెట్టకూడదు. గేటు బయట స్టూలు వేయించారు. ఆవిడ అక్కడ ఎండలో కూర్చుని కాగితాలు ఒక్కొక్కటీ చూసి, "ఇది సూరాడోళ్ల నావది. ఇది కోడా ఎర్రయ్యది. ఈ బొమ్మ అతనిది కాదు, ఆల తమ్ముడిది," అని చెబుతుంటే మేము గేటు లోపల నిలబడి కట్టలు కట్టాం. నాలుగు రోజులు పట్టింది. తీసేయబోతున్న మనిషి చేత పని చేయించుకుంటున్నామన్న సిగ్గు ఎవరి ముఖంలోనూ కనిపించలేదు. నా ముఖం నాకు కనిపించదు.

నాలుగోరోజు కట్టలన్నీ అయిపోయాక ఆవిడ నన్ను పిలిచింది.

"బాబూ, నన్ను తీసేత్తారంట గదా? ఒకమాట తేడాకి ఉజ్జోగం పోద్దంట. నిజవేనా?"

"ఎవరన్నారమ్మా?"

"ఆ టీచరమ్మ సెప్పినాది. నాకు ఇంగిలీసు రాదు గదా, అందులో ఏటుందో నాకేటి తెలుస్తాది? నివ్వు రాసినావు గదాని సంతకవెట్టినాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సాక్షుల విచారణ జూన్ పధ్నాలుగున పెట్టారు. అంతకుముందు పెట్టడానికి అధ్యక్షులవారి భుజం ఒప్పుకోలేదు. దానయ్యకు అదే ఆఖరి రోజు. తెల్లవారితే పడవలు వెళ్తాయి. అతని ఫైలు మాత్రం సాక్ష్యాధారం కాబట్టి మధ్యంతర ఉత్తర్వు నుంచి మినహాయింపు పొంది, సీలు వేసిన కవర్లో కమిటీ బల్ల మీద ఉంది.

ఆ ఒక్క రోజుకూ ఆవరణలోకి రానిస్తూ ఇంకో ఉత్తర్వు ఇచ్చి, ముందు ఎర్నమ్మను పిలిచారు.

"ప్రక్షేపణ సమయంలో మీ మానసిక స్థితి ఏమిటి?" అని అడిగారు అధ్యక్షులవారు.

ఎర్నమ్మకు అర్థం కాలేదు. ఫ్లోరెన్స్ మేడం, "ఫైలు వేసేటప్పుడు నీ మనసులో ఏముందమ్మా?" అని అడిగారు.

"ఏటుంటాదమ్మా? దొరికింది గదాని సంబరవేసింది. బేగి ఆ బాబుకి అందించీయాలని."

"జోగారావు మీదికి వేశావా, ఆయనకి వేశావా?"

"ఆయన మీదికి నానెందుకేత్తానమ్మా? ఆయనకే ఏసినాను. పడెయ్, పట్టుకుంతానన్నాడు గదా!"

మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇక్కడే ఉందండీ అసలు విషయం. ఇంగ్లీషులో కూడా ఇదే తేడా. 'టు' అంటే అందుకోమని వేయడం. 'ఎట్' అంటే తగలాలని వేయడం. ఎనిమిది మాటల్లో ఏది పెట్టినా, పక్కనున్న ఆ చిన్న మాటే మనిషి ఉద్దేశం చెబుతుంది."

అధ్యక్షులవారు సర్క్యులర్ తీసి రెండువైపులా చూశారు. "టు లేదు. ఎట్ కూడా లేదు. చిన్న మాటలు ఈ కమిటీ పరిధిలోకి రావండీ."

జోగారావు గారు గొంతు సవరించుకున్నారు. "సార్, ఒక్క మనవి. నేను పడెయ్ అన్నది నిజమే. పడేయడానికి ఇంగ్లీషులో డ్రాప్. ఆమె డ్రాప్ చేసి ఉంటే తిన్నగా కిందికి పడేది. ఆమె నా ఆదేశం పాటించలేదు."

"తిన్నగా పడితే మురిక్కాలవలో పడును బాబూ," అంది ఎర్నమ్మ.

తరువాత దానయ్య. ఏం చూశావో చెప్పమన్నారు.

"సూసిందే సెప్తాను బాబూ. ఈ బాబు సేతులు సాపినాడు. ఆయమ్మ సక్కగా ఆ సేతుల్లోకే ఏసింది. అంతట్లోకి తవరొచ్చినారు. తవర్ని సూసి ఈ బాబు సేతులు లాగేసి దండవెట్టేసినాడు. సేతులు ఒగ్గేకుండా ఉంటే పడునే కాదు."

అధ్యక్షులవారు నావైపు తిరిగారు. "రాస్తున్నావా?"

"రాస్తున్నాను సార్."

"ఆపు. పై అధికారికి నమస్కారం చేయడం వల్ల ప్రమాదం జరిగిందని రాస్తే రేపు ఎవడైనా నమస్కారం చేస్తాడా? శాఖ క్రమశిక్షణ ఏమవుతుంది? ఆ వాక్యం కొట్టెయ్." తరువాత ఎర్నమ్మను చూసి, కాస్త దయగానే అన్నారు. "చూడమ్మా, నాకు నీమీద కోపం లేదు. కానీ రిపోర్టులో హర్ల్ అని ఉంది, దాని కింద నీ సంతకం ఉంది. మాట పడిపోయాక నేనేం చేయగలను?"

నేను పెన్ను కింద పెట్టాను. చేతికీ బల్లకూ మధ్య ఖాళీ ఉందో లేదో చూసుకోలేదు.

"ఆ మాట ఆవిడది కాదు సార్. నాది."

"ఏమిటి?"

"త్రో బాగాలేదన్నారు మీరు. నేను డిక్షనరీలో చూసి, బరువుగా ఉందని హర్ల్ పెట్టాను. అర్థం చూడలేదు. విసిరావని రాశానని చెప్పి ఆవిడ చేత సంతకం చేయించాను. ఆవిడకి ఆ మాట చదవడం కూడా రాదు."

ఎర్నమ్మ నావైపు చూస్తోంది. అధ్యక్షులవారు నా ముందున్న మినిట్స్ కాగితం వైపు చూశారు. తన హోదాకు తగ్గ మాట తానే అడిగినట్టు మినిట్స్‌లోకి వస్తుందన్న సంగతి ఆయనకు అప్పుడే స్ఫురించినట్టుంది. గొంతు మార్చి నిర్ణయం చెప్పారు.

"మాట మూలమే సందేహాస్పదమైనందున హర్ల్ కాదు. మిగతా ఏడూ రుజువు కాలేదు. ఎనిమిదిలో ఏదీ కాని చర్య సర్క్యులర్ దృష్టిలో జరగనట్టే లెక్క. సస్పెన్షన్ రద్దు."

ఎర్నమ్మకు మేడం మామూలు తెలుగులో చెప్పారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే," అన్నారు అధ్యక్షులవారు, "చర్య జరగలేదు కాబట్టి ఫైలు కిందికి రాలేదు. రాని ఫైలు మీద కింది సెక్షన్ చర్య తీసుకోవడానికి వీల్లేదు. అది ఇప్పటికీ పైనే ఉన్నట్టు."

దానయ్య బల్ల మీద కవరు చూశాడు. "అదుగో, అక్కడే ఉంది గదా బాబూ!"

"కనిపిస్తోంది. కానీ పైన ఉంది," అన్నారు జోగారావు గారు. "ఎర్నమ్మ సోమవారం డ్యూటీలో చేరాక రికార్డు గదిలో వెతికించి..."

"సోంవారవేటి బాబూ! రేపు తెల్లారితే నావలెల్లిపోతాయి! రెండు నెల్లు పొయ్యి మీద కుండ సరిగా ఎక్కలేదు మాకు. మొదటి ఏటకి ఎల్లకపోతే ఏటి తినాలి?" దానయ్య కవరు వైపు చెయ్యి చాపాడు.

మేడం లేచారు. సీలు చింపి, ఫైలు తీసి, పేజీలు తిప్పారు. అన్ని పత్రాలూ ఉన్నాయి. అన్ని సంతకాలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప.

"జోగారావ్."

"మేడం." ఆయన లేచి నిలబడ్డారు.

"ఇక్కడ సంతకం ఎవరిది?"

"నాదే మేడం. కానీ నియమం ప్రకారం..."

"పెట్టు."

జోగారావు గారికి యాభై ఆరేళ్లు. ఆయన కింద పదకొండు మంది పనిచేస్తారు. ఆయన అధ్యక్షులవారి వైపు చూశారు. అధ్యక్షులవారు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నారు. జోగారావు గారు జేబులోంచి పెన్ను తీసి, క్లాసులో హోంవర్కు దిద్దించుకునే పిల్లాడిలా వంగి, మేడం వేలు చూపించిన చోట సంతకం పెట్టారు.

సాయంత్రం నాలుగున్నరకు దానయ్యకు నంబరు వచ్చింది. అప్పటికప్పుడు రంగు డబ్బా కొని పడవ మీద రాయించాడట. తడారకముందే నీళ్లలోకి తోశారట. నేను వెళ్లి చూడలేదు. ఆఫీసులో నాకు మెమో తయారవుతోంది.

అధికారం లేకుండా మాటను ఎంపిక చేసినందుకు నన్ను పై అంతస్తుకు పంపారు, ఎర్నమ్మ కింద రికార్డు అసిస్టెంటుగా. సోమవారం ఇద్దరం ఒకేసారి చేరాం. ఆవిడ మెట్లెక్కుతుంటే చెయ్యి పట్టుకోబోయాను. వద్దని, గోడ పట్టుకుని తనే ఎక్కింది. రెండు రోజులు నాతో పనికి అవసరమైనంత వరకే మాట్లాడింది. అది న్యాయమే అనిపించింది.

మూడోరోజు మధ్యాహ్నం బీరువా వెనక గోడవారగా పేర్చిన కట్టలు చూపించింది. దుమ్ము పట్టి, తాళ్లు ఊడిపోయి, రెండు వందల పైనే ఉంటాయి.

"ఇవేంటమ్మా?"

"తిరిగి తిరిగి రావడం మానేసినోళ్లవి. అన్నీ సరిగానే ఉన్నాయి బాబూ. అడిగేవోళ్లు లేక ఇక్కడుండిపోనాయి. ఆళ్లు రారింక. మనవే కబురెట్టాల." కట్టలోంచి పై ఫైలు తీసి, దుమ్ము దులిపి, నా చేతిలో పెట్టింది. "నివ్వు ఫోన్లు సెయ్యి. పేర్లు నాను సెప్తాను."

ఆ రోజు ఏడుగురికి ఫోన్ చేశాను. మీ ఫైలు దొరికింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి, వచ్చి నంబరు తీసుకోండి అని చెప్పాను. ఇద్దరి ఫోన్లు కలవలేదు. ముగ్గురు నవ్వి పెట్టేశారు. ఒకాయన తనకిప్పుడు పడవ లేదని, ఎప్పుడో అమ్మేశానని చెప్పాడు.

ఏడో ఆయన తన పేరూ, పడవ పేరూ నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, "ఇది ఏ ఆఫీసు బాబూ? నిజం సెప్పండి," అన్నాడు.